మంచం కింది డబ్బాల్లో నీళ్లు ముట్టుకోకండి

ఏమండీ, మసాకా ఆస్పత్రికి వెళ్తున్నాను, ఆపరేషన్‌కు ముందు అక్కడ చేయించే కసరత్తుల్లో ఇదే ఆఖరిది. అరటికాయలు ఆకుల్లో చుట్టి కుంపటి మీద పెట్టాను. మీరూ, మీ అక్క నబ్బోసా వదినా తినేయండి.

మంచం కింద ఐదు లీటర్ల డబ్బాలు రెండూ మళ్లీ నింపి పెట్టాను. ఆ నీళ్లు వంటకు కాదు. ఆపరేషన్ తట్టుకునే బలం ఒంటికి రావాలని డాక్టరమ్మ నన్ను రోజూ ఎత్తమన్న బరువులవి. నిన్న వదిన వాటితోనే బీన్స్ ఉడికించేసింది. పైగా "రోగిష్టిదానివి, నీకెందుకే ఈ మోత?" అని నన్నే కసిరింది.

పద్దెనిమిదేళ్లు బోరింగు నుంచి ఇరవై లీటర్ల డబ్బా నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కాను, నెలలు నిండినప్పుడు కూడా. దించమన్న పాపాన ఒక్కరూ పోలేదు. ఇప్పుడు రొమ్ములో గడ్డ బయటపడి, డాక్టరమ్మే ఎత్తమంటే, అందరికీ జాలి పొంగుకొచ్చింది.

ఆదివారం చర్చి ఆడవాళ్లు వచ్చి "జబ్బు మనిషి చేత బరువులు మోయిస్తున్నావా, సిగ్గులేదూ?" అని మిమ్మల్ని కడిగేస్తుంటే లోపలే ఉన్నాను. బయటికొచ్చి అసలు సంగతి చెప్పాల్సింది. చెప్పలేదు. మీకు రావలసిన తిట్లే, కాస్త ఆలస్యంగా వచ్చాయి.

సోమవారం ఆపరేషన్. ఆ తర్వాత ఆరు వారాలు నేను బిందె కూడా ఎత్తకూడదట. బోరింగు మాత్రం గుట్ట కిందే ఉంటుంది.

నమ్యాలో

మరిచాను. పొద్దున స్నానం చేసి వస్తూ కిటికీలోంచి చూశాను, మీరు ఆ డబ్బాలు ఎత్తుతున్నారు. ఎనిమిదోసారికే కూలబడ్డారు. నడుం కాదు, మోకాళ్లు వంచాలి. రేపటి నుంచి చాటుగా వద్దు, నా పక్కన నిలబడి ఎత్తండి.