గంజి పెట్టని గుడ్డ

మామా, మీ కోడలు సుజాత దండాలు. మీరు పోయి ఎనిమిది నెలలు దాటింది.

ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. మీ కొడుకు ఎప్పటిలాగే కరెంటాఫీసుకు వెళ్లొస్తున్నాడు. మీ మగ్గం గుంట మీద చెక్కలు పరిచి బియ్యం సంచులు పేర్చాం. జాగా లేక చేసిన పనే... కానీ ఆ రోజంతా అత్తమ్మ ఆ వైపు చూడలేదు.

ఇవన్నీ చెప్పడానికి రాయడం లేదు. నాకు మీతో పోట్లాడాలని ఉంది. బతికుంటే ఎదురుగా కూర్చుని పోట్లాడేదాన్ని. ఇప్పుడెవరితో పోట్లాడను?

గుర్తుందా, రెండేళ్ల కింద నేను హైదరాబాదు ల్యాబు నుంచి ఆ నల్ల దారం కండెలు తెచ్చిన రోజు? కార్బన్ ఫైబర్ అని చెబితే, మీరు వేళ్ల మధ్య నలిపి చూసి, "గిది బొగ్గు దారం గదా బిడ్డా" అన్నారు. ఒకరకంగా నిజమే. బరువులో ఉక్కుకు పావు వంతే, కానీ లాగితే ఉక్కు కంటే గట్టిది. విమానం రెక్కల్లో వాడతారని చెబితే, కండెను కొంచెం మర్యాదగా పట్టుకున్నారు.

ఆ దారాన్ని గుడ్డగా నేసి, రెజిన్ అనే జిగురు పట్టించి, వేడిలో నొక్కితే పలక అవుతుంది. మామూలు పలకలకు దెబ్బ తగిలితే పొరలు ఊడతాయి. పొరలన్నిటినీ కలుపుతూ మందంగా ఒకే గుడ్డగా నేస్తే ఊడవని చూపించడమే నా పీహెచ్‌డీ. అలాంటి నేతకు పెద్ద యంత్రాలు కావాలి. మా ల్యాబులో అవి లేవు. పానగల్‌లో మన ఇంట్లో మీరున్నారు.

కోడలికి ఇంకా చదువేమిటని చుట్టాలు అడిగినప్పుడు మీరు అన్న మాట నేను ఎంతమందికి చెప్పుకున్నానో తెలుసా? "మా కోడలు దారం మీదనే సదువుతాంది. మా పనే చేస్తాంది." ఆ ఒక్క మాట పట్టుకుని మూడేళ్లు బస్సుల్లో తిరిగాను.

మిమ్మల్ని ఒక్కటే అడిగాను మామా. ఈ దారానికి గంజి పెట్టొద్దని. దీనికి పట్టాల్సిన పూత కంపెనీలోనే వేసి పంపుతారు, మన గంజి పడితే రెజిన్ దారాన్ని పట్టుకోదు అని కూర్చోబెట్టి చెప్పాను. మీకు అది మింగుడు పడలేదు. "గంజి లేకుంటే పడుగు ఎట్ల ఓపుతది బిడ్డా? పీచు లేస్తది, తెగుతది." లేవనీ, తెగనీ, తెగింది తెగినట్టే వదిలేయండి అన్నాను. కండెను చేతిలో అటూ ఇటూ తిప్పారు. తర్వాత "సరే. నువ్వు సదువుకున్నదానివి. పెట్టను" అన్నారు.

ఆ మాట నమ్మి నేను హైదరాబాదు వెళ్లిపోయాను.

మూడు వారాల తర్వాత వస్తే గుడ్డ సిద్ధంగా ఉంది. ఎంత బాగుందో... ఒక్క పీచు లేదు, ఒక్క పోగు తెగలేదు. "మొదలు నేసిన మూరెడు పాడైంది, కోసి పారేసిన. గిది సూడు" అన్నారు. చూసి మురిసిపోయాను. అయినా అనుమానం వచ్చి, గంజి ఏమన్నా పెట్టారా అని అడిగాను కదా? మీరు నా మొహంలోకి చూసే చెప్పారు. "నువ్వు వద్దన్నంక ఎందుకు పెడ్త?"

ల్యాబు రికార్డులో ఒక పేజీ ఉంటుంది. గుడ్డకు బయట ఎలాంటి పూతా వేయలేదని రాసి నేను సంతకం చేశాను. నేసినవారు అన్నచోట మీ సంతకం కావాలంటే, చదవకుండా పెట్టనన్నారు. ఏడో తరగతి చదువుతో, కళ్లద్దాలు సర్దుకుంటూ, భూమి రిజిస్ట్రేషన్ కాగితం చదివినట్టు అక్షరం అక్షరం చదివారు. చదివి, తెలిసి, సంతకం పెట్టారు. ఈ ఒక్కటి నాకు ఎంతకీ అర్థం కాదు మామా. ఆ కలం పట్టుకున్నప్పుడైనా ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?

పలకలు చేసి విరిచి చూస్తే ఫలితాలు బాగా వచ్చాయి. థీసిస్ దాదాపు రాసేశాను. మీరు పోయాక కూడా, మీ గుడ్డ గురించి రాస్తున్నానన్న ధైర్యంతోనే రాశాను. ఇక ఒక్క పరీక్ష మిగిలింది. పలకల్ని కొన్ని వారాలు వేడి నీళ్లలో ఉంచి, తీసి విరవాలి.

పోయిన నెల తీశాను. పలకలు ఉబ్బి ఉన్నాయి. వంచితే దారాలు రెజిన్‌లోంచి జారి బయటికొచ్చాయి. మైక్రోస్కోపులో చూస్తే వాటికి చుక్క రెజిన్ అంటలేదు. దారానికి ఏదో పూత పడిందమ్మా, పొడిగా ఉన్నంతసేపు పట్టుకుని, నీళ్లు తగిలాక వదిలేసింది అన్నారు మా గైడ్. నాకు కోపం వచ్చింది. మా మామ మాట అంటే మాటే సార్ అని, మీ సంతకం ఉన్న పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు.

ఇంటికొచ్చి, మిగిలిన గుడ్డలోంచి చిన్న ముక్క కోశాను. గంజి ఉంటే అయోడిన్ చుక్కకు నీలం అవుతుందని బడిలోనే చదువుకుంటాం. నల్ల గుడ్డ మీద నీలం కనపడదు కాబట్టి దాన్ని నీళ్లలో మరిగించి, ఆ నీళ్లు చల్లారాక గాజు గ్లాసులో పోసి చుక్క వేశాను.

నీళ్లు సిరాలా అయిపోయాయి.

అత్తమ్మను అడిగాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. గంజి కాచింది తనేనట. ఎప్పటిలాగే కొంచెం నువ్వుల నూనె కూడా వేసిందట. నాకు తెలుసనే అనుకుందట. అంటే ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. నా చదువును నాకంటే ఎక్కువ నమ్మిన మనిషి, నా మాటను మాత్రం నమ్మలేదు. పరాయివాళ్లు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మిమ్మల్ని ఏమని తిట్టను?

రెండు రోజులు చాలా తప్పుడు ఆలోచనలు చేశాను. ఆ నీళ్ల పరీక్ష రాయకుండా వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది? మీ సంతకం ఉంది, నా సంతకం ఉంది... మీరు ఆడిన అబద్ధాన్ని నేను ఇంకాస్త లాగితే డిగ్రీ చేతికొస్తుంది. మూడో రోజు వెళ్లి మా గైడ్‌కు అంతా చెప్పేశాను. ఆ అధ్యాయం మొత్తం పోయింది. మళ్లీ నేయించాలి, మళ్లీ పలకలు చేయాలి. కానీ ఈసారి నేసేదెవరు?

అప్పుడు అత్తమ్మ ఇంకో మాట చెప్పింది. మీరు కోసి పారేశానన్న మొదటి మూరెడు... పారేయలేదట. చేతులు రాలేదట.

బియ్యం సంచులు జరిపి, చెక్కలు లేపి, మగ్గం గుంటలోకి దిగాను. మీ కాళ్లు ఆడే చోటికి పక్కన, పాత ధోవతిలో చుట్టి ఉంది. విప్పాను. మీ చేతి నేతలో అంత వికారమైన గుడ్డ నేను ఎప్పుడూ చూడలేదు మామా. నిండా పీచు. పదకొండు చోట్ల పోగులు తెగి ఉన్నాయి. తెగినవి తెగినట్టే వదిలేసి ఉన్నాయి.

దాన్ని కూడా ఒక ముక్క కోసి, మరిగించి, చుక్క వేశాను. నీళ్లు నీలం కాలేదు, లేత టీ రంగులోనే ఉన్నాయి.

అంటే మీరు నా మాట విన్నారు. నేను చెప్పినట్టే నేశారు. నేసి, చూసుకుని, సిగ్గుపడి దాచేశారు. నాకు కావలసింది అదేనని ఎన్నిసార్లు చెప్పాను? మీకు నా పని కంటే మీ చేతికి వంక రాకపోవడమే పెద్దదైందా? దీంతో నా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

ఆ మూరెడుతో నాలుగు పలకలు అవుతాయి. వచ్చే వారం చేస్తాను. నీళ్లలో నిలుస్తాయో ఊడతాయో తెలియదు. ఏది జరిగితే అదే రాస్తాను. గంజి సంగతి కూడా రాస్తాను.

థీసిస్‌లో మొదటి బొమ్మగా ఆ గుడ్డ ఫొటోనే పెడతాను. పీచు, తెగిన పోగులు అన్నీ కనిపించేలా, దగ్గరగా తీసి. దాని కింద, నేసినవారు అని రాసి మీ పూర్తి పేరు వేస్తాను. మీరు ఎవరి కంటా పడకూడదని దాచిన గుడ్డను అందరూ చూస్తారు మామా. మీరు నాకు నిజంగా నేసి ఇచ్చింది అదొక్కటే.

కోపం తగ్గని మీ కోడలు,
సుజాత