మీసం మీదికొచ్చిన అల్పపీడనం

గురువారం సాయంత్రం
ఆకాశం నిర్మలం. గాలి ఉన్నట్టూ లేనట్టూ.

చిరంజీవి వాయుగుండానికి,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. అక్కడ నువ్వూ అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను. పెళ్ళై కాపురానికి వెళ్ళినా ఈ పేరు వదలడేమిటని విసుక్కోకు. ఉయ్యాలలో నువ్వు మొదటిసారి గుక్కపట్టి ఏడ్చిన రోజునే రేడియోలో వాయుగుండం వార్త వచ్చింది. పేరు నేను పెట్టలేదు, వాతావరణ శాఖ పెట్టింది.

నీ ఉత్తరం అందింది. అక్కడ చిన్న అల్పపీడనం ఏర్పడిందనీ, రోజురోజుకూ బలపడుతోందనీ, అమ్మకు చెప్పమనీ రాశావు. నా ప్రాణం లేచొచ్చింది. ఈ సీజనంతా సముద్రం మొద్దునిద్ర పోతోంది. నాలాంటి గొడుగులు బాగుచేసేవాడికి ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది! తుపాను రాబోతోంది, మేడమీద బట్టలు తీసెయ్యమని మీ అమ్మకు చెప్పాను. ఎండ మండిపోతుంటే ఎందుకు తియ్యాలని నన్నే కసిరింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సెలూనుకు వెళ్ళి అందరిముందూ చెప్పేశాను. మన ఎదురింటి మందుల షాపాయన ఫోనులో మ్యాపు తీసి, సముద్రంమీద మబ్బుతునక కూడా లేదని నవ్వాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మా అమ్మాయి చెప్పిందంటే చెప్పిందే, వచ్చే ఆదివారంలోగా అది నిజమని తేలకపోతే ఈ కుర్చీలోనే మీసం తీయించుకుంటానన్నాను. సెలూనాయన అప్పుడే కత్తి తుడవడం మొదలుపెట్టాడు.

అప్పట్నుంచీ కుదురు లేదు. ఉపగ్రహం బొమ్మలు మార్చి మార్చి చూస్తున్నాను. తూర్పున లేదు, దక్షిణాన లేదు. నువ్వు చూస్తే ఉత్తుత్తి కబురు చెప్పే పిల్లవి కావు. చిన్నప్పుడు అట్లాసు ముందేసుకుని, తుపాను ఎక్కడ తీరం దాటుతుందో పందెం కడితే నెగ్గేది నువ్వే. ఫోన్ చేసి అడగొచ్చు. కానీ అంచనాలు రాతలోనే ఉండాలనీ, నోటిమాటైతే నేను తర్వాత మార్చేస్తాననీ నువ్వే షరతు పెట్టావు కదా. కాబట్టి వివరంగా రాయి. గాలి ఎటునుంచి? మబ్బు ఏ రంగు?

పొద్దున్నే కడుపులో తిప్పుతోందనీ, కాఫీ వాసన పడడం లేదనీ రాశావు. కంగారుపడకు. గాలిలో పీడనం తగ్గితే సున్నితమైనవాళ్ళకు అలాగే ఉంటుంది. ఎప్పుడూ లేనిది అల్లుడుగారు వంట చేస్తున్నారన్నావు. అదీ ఒక సూచనే.

ఈ మీసం నా పెళ్ళినాటిది. నీమీద నమ్మకంతో పణంగా పెట్టాను. నాకు భయమేమీ లేదు. కొంచెం ఉంది.

ఇట్లు,
ప్రస్తుతానికి మీసమున్న
నాన్న

తా.క.: అమ్మను రాస్తున్నాను. కవరుమీద అడ్రసు రాయమని ఆయన ఇందాకే నువ్వు రాసిన ఉత్తరం నా చేతికిచ్చారు. ఒసే పిచ్చిదానా, ఈయనకు వాతావరణం భాషలో చెబితే వాతావరణమే అర్థమవుతుందని తెలీదూ? నాకు ఒకపక్క నవ్వు, ఒకపక్క కన్నీళ్ళు. అల్పపీడనం సముద్రంలో లేదు, మన అమ్మాయి కడుపులో ఉందని చెప్పాను. ఈ ఉత్తరం చింపేద్దామని నేనంటే ఆయన చింపనివ్వలేదు, అంచనా అంచనాయేనట. చెప్పులైనా వేసుకోకుండా సెలూనుకు పరుగెత్తి, అల్పపీడనం ఖాయమైందని చెప్పారు. మందుల షాపాయన ఊరుకోక, అయితే తీరం ఎక్కడ దాటుతుందని వెక్కిరించాడట. ఈయన మీసం మెలేసి, మా ఇంట్లోనే అని చెప్పి వచ్చారు.