తుండుగుడ్డ కింద బేరం

ఫిబ్రవరి 2001, బుధవారం రాత్రి

ఆ నవల జోలికి పోకుండా ఉండాల్సింది. ఊరి పెద్దల్ని వెక్కిరిస్తూ ఎవరో ఎప్పుడో రాసిన నవలట, మా అమ్మాయికి డిగ్రీలో పాఠం. అందులో దళారి ధర పైకి చెప్పకుండా, తుండుగుడ్డ కింద కొనేవాడి వేళ్ళు నొక్కి బేరం చేస్తాడు. "నాన్నా, అది గుడ్డ కాదు, పెద్దవాళ్ళ గుట్టుకి గుర్తని మా మాస్టారు చెప్పారు" అంది. "మీ మాస్టారికి చెమట పట్టదేమోనమ్మా" అని నవ్వేశాను.

ఇవాళ గుంటూరు మిర్చి యార్డులో నవ్వు రాలేదు. మా మిరపకాయలు అమ్మిపెట్టే సుబ్బయ్య బావా, కొనే షావుకారూ గుడ్డ కింద చేతులు కలిపారు. ఇన్నేళ్ళూ మొహాలు చూసేవాణ్ణి, ఇవాళ గుడ్డే చూశాను. చాలాసేపు కదిలింది. బావ వచ్చి రేటు చెప్పాడు.

"లోపల నొక్కిందీ ఇదేనా బావా?"

"ఏరా, నా వేళ్ళ మీద అనుమానమా?"

"వేళ్ళ మీద కాదు, గుడ్డ మీద."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బావ నవ్వలేదు. సరుకు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టి వచ్చేశాను.

చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాడు. మోసం చేశాడో లేదో తేల్చుకుందామంటే, రైతు ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టే ఆచారం లేదు. క్షమించమందామంటే, ఒకవేళ నిజంగానే...

మా ఆవిడ పిలుస్తోంది. సుబ్బయ్య బావ వాళ్ళ ఊరు నల్లపాడు నుంచి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడట. వెళ్ళి ముందు ఏమని పలకరించాలో...