తలుపు చాటున తీసిన పాట

వదినా,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేంటనుకోకండి. మీ ఎదుట పడటానికి మొహం చెల్లక, రాసి మీ కుట్టుమిషన్ మీద పెడుతున్నాను.

మన పరుపుల కొట్టు కోసం ఫోన్లలో తిప్పిన వీడియోలో వినిపించే కూనిరాగం మీదే. మీరు సొంతంగా కట్టుకున్నదే. ఎవరైనా గదిలోకొస్తే ఆపేస్తారని తెలిసే తలుపు చాటున నిలబడి రికార్డు చేశాను. "గొంతు ఎవరిదండీ?" అని జనం అడిగితే, "మా కొట్టుదే" అని గొప్పగా రాశాను.

మొన్న ఎదురు కొట్టాయన అదే రాగాన్ని తన వీడియోకి తగిలించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మా వదిన గొంతు! అడక్కుండా ఎలా వాడుకుంటావ్?" అని వీధంతా వినేలా కేకలేశాను.

ఆయన తాపీగా, "మరి నువ్వు ఆవిణ్ణి అడిగావా?" అన్నాడు.

ఇంటికొచ్చి మన వీడియో తీసేశాను. ఆయన్నీ తీసేయమని బతిమాలుకున్నాను. తీసేశాడు.

మళ్లీ పెట్టుకోనా అని అడగడానికి కాదు వదినా ఇదంతా. ఆ గొడవ మీ చెవిన పడినప్పటి నుంచీ మీ గదిలోంచి మిషన్ చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఇకమీదట ఆ తలుపు దగ్గరికి రాను. మీరు పాడుకోండి.

మీ మరిది