బస్సెక్కిన బ్యాగు, ఎక్కని పిల్ల

శ్రీయుత శివరామకృష్ణ గారికి,
పాఠశాల రవాణా అధికారి.

అయ్యా,

విషయం: మా అమ్మాయి చి. ఇషిత బస్సు ఎక్కకుండానే ఎక్కినట్లు నమోదైన ఉదంతం గురించి.

గాజియాబాద్ వైశాలి నివాసి, మూడో తరగతి ఇషిత తండ్రి భీమశంకరం విన్నవించుకొనునది:

1. తల్లిదండ్రుల సమావేశంలో బస్సు తలుపు దగ్గరి కొత్త యంత్రం గురించి తాము వివరించియున్నారు. పిల్లల కార్డులన్నీ ఒక్కసారే పలికితే దానికి ఏదీ వినబడదట. అందుకని అది పిలిచినప్పుడు ఒక్కో కార్డూ తనకు తోచిన అంకె ఎంచుకొని, ఆ వంతు వచ్చినప్పుడే బదులిస్తుందట. రెండు కలిసి పలికితే మళ్ళీ అడుగుతుందట. లెక్కకొచ్చిన కార్డు నోరు మూసుకుంటుందట. "ఇంతమందిలోనూ మీ పాపను ఇట్టే పట్టేస్తుందండీ, ఇక తలలు లెక్కపెట్టే పనే లేదు" అని సెలవిచ్చారు. మన భాషలో చెప్పారు కనుక మరీ నమ్మాను. ఇంటికి వెళ్ళి మా ఇషితకీ అదే చెప్పాను.

2. నిన్న బడి వదలగానే ఇషిత మెడలోని కార్డు తీసి, పేరు కనబడేలా బ్యాగుకు తగిలించి, బ్యాగును కిటికీలోంచి సీటు మీద పడేసి మంచినీళ్ళకు వెళ్ళినది. మా ఊరి ఆర్టీసీ బస్సుల్లో కర్చీఫు వేసి సీటు ఆపుకునే పద్ధతి దానికి నేర్పినది నేనే. తప్పయితే భరిస్తాను. యంత్రం ఆ కార్డును పొరపాటు లేకుండా చదివినది. బస్సు కదిలినది.

3. "ఇషిత బస్సు ఎక్కినది" అని నాకు సందేశం. తర్వాత "ఇషిత వైశాలిలో దిగినది" అని మరొకటి. నేను స్టాపులోనే నిలబడి ఉన్నాను. దిగినది పక్కింటి భవ్యశ్రీ, దాని భుజాన మా పిల్ల బ్యాగు. అయ్యా, నన్ను మోసం చేశారు.

4. ఫోన్ చేయగా తాము, "సిస్టమ్‌లో దిగినట్టే ఉందండీ, ఇంట్లో ఓసారి చూడండి" అన్నారు. ఎక్కడ చూడమంటారు, మంచం కిందా?

కావున, యంత్రం ఉన్నా సరే, బస్సు కదిలే ముందు, పిల్లలు దీదీ అని పిలిచే ఆ బస్సు ఆయా ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలిచి, ముఖం చూశాకే తలుపు వేసేలా ఉత్తర్వు ఇప్పించగలందులకు ప్రార్థించుచున్నాను.

నిన్నటి దాకా నమ్మిన తమ విధేయుడు,
భీమశంకరం

తా.క.: పిల్ల బడి గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ పక్కన దొరికింది. మిషన్‌కు తను తెలుసు కాబట్టి బస్సు వెనక్కి వస్తుందని అంతసేపూ ఏడవకుండా నిలబడిందట. నన్ను చూశాక ఏడ్చింది. "డాడీ, సీట్ తో మైనే రోకీ థీ" అంది. సీటు ఆపుకుంది కదా, మరి వదిలేసి ఎలా పోయారని దాని బాధ. ఆ యంత్రం సంగతి మీరే వచ్చి దానికి చెప్పండి. నా మాట నమ్మడం మానేసింది.