డబ్బా మీద సారయ్య పేరు

బెల్లంపల్లి,
12-12-1964

ప్రేమగల రామక్కకు,

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. నాకు అబద్ధం రాయబుద్ధి కావడం లేదు. నీ మరిది దగ్గుతున్నాడు. బొగ్గుబాయిలో దిగిన ప్రతి మనిషీ దగ్గుతాడు, నల్లగా ఉమ్ముతాడు, అది కొత్త కాదు. కానీ రెండు నెలలైనా ఇది తగ్గలేదు. దవాఖానలో డాక్టరు వీపు మీద తట్టి చూసి, పొద్దున లేవగానే వచ్చే తెమడ పట్టుకు రమ్మని డబ్బా ఇచ్చాడు. ఎక్స్‌రే ఆ తర్వాతట.

ఆ డబ్బా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఈయనకు అన్నం సయించడం లేదు. క్షయ అని తేలితే బాయిలోకి దిగనివ్వరని, క్వార్టరు ఖాళీ చేయాలని ఎవడో చెవిలో ఊదాడు. నిన్న పొద్దున డబ్బా నా చేతిలో పెట్టాడు.

"సరోజనా, గిండ్ల నువ్వు ఉమ్ము. నీకేమన్న దగ్గా, దమ్మా? నీది మంచిగుంటది."

"నీకు దిమాక్ ఖరాబైందా? నీ రోగానికి నేను ఉమ్ముడేంది?" అన్నాను.

"జర ఇను. నౌకరి పోతే పోరనికి ఏం పెడ్తం?"

తిట్టాను అక్కా. తిట్టి తిట్టి, చివరికి కాండ్రించి ఉమ్మి ఇచ్చాను. నాకు జలుబు తప్ప ఏముంది? సాయంత్రానికి ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, రవికలు వదులయ్యాయి. కొండల్‌గాడు ఏడాది దాటినా పాలు మానడు, నన్ను పీల్చి పిప్పి చేస్తున్నాడు మరి. వాణ్ణి తండ్రి దగ్గరికి పోనివ్వడం లేదు. ఆయన పక్క వరండాలో వేశాను, గిన్నె వేరు చేశాను. పిల్లవాణ్ణి మాత్రం నా ఒళ్లోంచి దించడమే లేదు. ఈ నౌకరి ఒక్కటి నిలబడితే చాలు, మిగతాది కొండగట్టు అంజన్న చూసుకుంటాడు.

నీ చెల్లెలు,
సరోజన


బెల్లంపల్లి,
21-12-1964

అక్కా,

ఈ ఉత్తరం అందగానే బయలుదేరి రా.

డబ్బాలో క్షయ పురుగులు కనిపించాయట. డాక్టరు ఈయనతో, "ఫికర్ చెయ్యకు సారయ్యా, మందులున్నయి, నయమైతది" అన్నాడట. ఈయన ఇంటికొచ్చి గడపలోనే కూలబడ్డాడు. అక్కడి నుంచే నాకు ఆ మాట చెప్పాడు. విన్నాక నేను చేసిన మొదటి పని కొండల్‌ను ఒళ్లోంచి దించడం. వాడు పాలకోసం గుక్కపట్టి ఏడ్చాడు. మనసు రాయి చేసుకున్నాను.

"రోగం నా పేరు మీదనే ఉండనీ. గోళీలు నేను తెస్త, నువ్వు మింగు. బాయి పోతే పోనీ, నీ ముచ్చట ఎవ్వలకు తెల్వద్దు" అన్నాడు.

నౌకరి కోసం నా చేత ఉమ్మించిన మనిషే, నా కోసం అదే నౌకరి వదులుకుంటానన్నాడు. నా కోపమంతా ఎటు పోయిందో, ఏడుపొచ్చింది.

"గోళీలంటే తెస్తవ్. మరి సూదులో? నువ్వు పొడిపించుకుంటే నాకు ఎక్కుతయా?" అన్నాను. "అసలు నీ తెమడ ఎవ్వలు చూసిండ్రు?"

నిజం అక్కా, ఇంతవరకు ఆయన తెమడను పరీక్ష చేసినవాళ్లే లేరు. ఆ దగ్గు బొగ్గు దుమ్మో, ఇదే రోగమో ఎవరికీ తెలియదు.

ఇవాళ ఇద్దరం పోయి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాం. కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. "మీ ఇద్దరి సంగతి చూస్త గని, ముందుగాల పోరన్ని తీస్కరాండ్రి" అన్నాడు.

పరుగున ఇంటికి వచ్చాం. మేం పోయేటప్పుడు కొండల్‌ను అప్పగించిన పక్కింటి గంగుబాయి వాణ్ణి గడపలో దించి వెళ్లిపోయింది. వాడు మమ్మల్ని చూసి చేతులు చాచాడు. ఎవరం ఎత్తుకోవాలో తెలియక ఇద్దరం అట్లాగే నిలబడిపోయాం.

నీ చెల్లెలు,
సరోజన