కొంగు పడేటప్పుడు పిలవరాదు

హిందూపురం,
జూలై 8.

శ్రీ సుంకప్ప గారికి నమస్కారాలు.

నా పేరు చంద్రమోహన్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హైస్కూళ్లకు రైల్లో తిరుగుతూ పిల్లలకు వీడియో గేమ్‌లు తయారుచేయడం నేర్పుతుంటాను. ధర్మవరంలో మీ అమ్మాయి గౌరి పదో తరగతిలో నా దగ్గరే నేర్చుకుంటోంది. మీ నంబరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా మీరు ఎత్తలేదు. అందుకని ఈ ఉత్తరం.

గౌరి మంచి ఆట చేసింది. మగ్గం గుంతలో ఒకాయన కూర్చుని చీర నేస్తుంటాడు. ఆడేవాళ్లు వేలితో నాడెను పోగుల మధ్య అటూ ఇటూ ఆడించాలి, నడుమ నడుమ ‘పిలుపు’ అనే బొత్తాం నొక్కి ఆయన్ని అన్నానికి లేపాలి. వచ్చే నెల పెనుకొండలో పిల్లల ఆటల ప్రదర్శన ఉంది. అందులో నెగ్గినవాళ్లకు బెంగళూరులో ఉచితంగా చదువు, హాస్టలు. గౌరికి ఆ అవకాశం ఉందని నా నమ్మకం.

ఒకటే చిక్కు. ఆటన్నాక ఓటమి ఉండాలి. గౌరి చేసిన మనిషి ఎంతకీ చావడు. అన్నం పెట్టకుండా చూశాను, నీళ్లివ్వకుండా చూశాను, చావడు. చంపమ్మా అంటే తల వంచుకుంటుంది. తండ్రిగా మీరైనా పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మనిషిని ఎలాగోలా చంపేటట్టు చెప్పండి.

ఇట్లు,
మీ సహకారం కోరే
చంద్రమోహన్

తా.క.: ఆట మొదట్లో ‘కొంగు పడేటప్పుడు పిలవరాదు’ అని ఒక నియమం రాసింది. అదేమిటో నాకు తెలియదు. నా చేతిలో పోగులు తెగిపోతున్నాయి, కొంగు దాకా ఒక్కసారీ చేరలేదు.

---

ధర్మవరం.

చంద్రమోహన్ అయ్యోరికి, సుంకప్ప తల్లి బాలనాగమ్మ దీవించి రాస్తున్నది.

మీరు సుంకప్పకు రాసిన ఉత్తరం చేరింది. వాడు చదవడు. పోయిన కార్తీకంలో, మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. ఫోను ఎత్తలేదని పొగరనుకోవద్దు. ఆ ఫోనులోనే గౌరి మీ పాఠాలు చేసుకుంటోంది.

కన్నతల్లి ఇంటికి ‘ఆ మనిషిని ఎలాగోలా చంపండి’ అని జాబు రాసిన అయ్యోరు ఈ జిల్లాలో మీరొక్కరే అయి ఉంటారు. వీధిలో అందరికీ చదివి వినిపించాను. పక్కింటి నాగలక్ష్మి బుగ్గలు నొక్కుకుని, “జీతమిచ్చి చెప్పిస్తాండారా అవ్వా ఇట్లాంటి పాఠాలు?” అంది.

కోడలు బెంగళూరులో గార్మెంట్స్ పనికి పోయి నెలకొకసారి వస్తుంది. ఇంట్లో ఉండేది నేనూ గౌరీ. చంపేది నేర్పడమే చదువైతే ఆ చదువు మాకొద్దు. బడి మాన్పించి వాళ్ల నాయన మగ్గం మీద కూర్చోబెడతాను. మగ్గం ఖాళీగానే ఉంది.

ఇట్లు,
బాలనాగమ్మ

తా.క.: అది ఉత్త బొమ్మ అని నాకు చెప్పొద్దు, గౌరి ఫోనులో చూశాను. ఎడమ చేత్తో నాడె కొట్టేవాడు మా వీధి మొత్తానికి సుంకప్ప ఒక్కడే.

---

పెనుకొండ,
జూలై 17.

పూజ్యులైన బాలనాగమ్మ అవ్వకు,

మీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. అయ్యో, ఈ మాట కూడా రాయకూడదేమో. బడి రిజిస్టరులో ఆయన పేరే ఉంది, నాకు ఎవరూ చెప్పలేదు. నన్ను క్షమించండి.

అయితే ఒక్క సంగతి మీకు విడమరచి చెప్పాలి. ఆటలో చావు మామూలు చావు కాదు. ఆటలో మనిషికి మూడు ప్రాణాలిస్తాం. ఒకటి పోతే రెండోది, అదీ పోతే మూడోది. అన్నీ పోయినా ‘మళ్లీ మొదలు’ అని నొక్కితే లేచి కూర్చుంటాడు. గౌరితోపాటు చదివే నవీద్ చేసిన ఆటలో మా హెడ్‌మాస్టరు గారిని కుక్కలు తరుముతాయి. హెడ్‌మాస్టరు గారే ఆడి, కుక్కలకు చిక్కి, పట్టుదలగా మళ్లీ ఆడుతున్నారు. ఆయనేమీ బాధపడలేదు.

గౌరిని మాత్రం బడి మాన్పించకండి. అంత తెలివైన పిల్లను నేను ఈ మూడు ఊళ్లలో చూడలేదు.

ఇట్లు,
చంద్రమోహన్

తా.క.: వీలైతే మీరే ఒకసారి ఆ ఆట ఆడి చూడండి. అలవాటైతే భయం పోతుంది.

---

ధర్మవరం.

అయ్యోరికి బాలనాగమ్మ ఆశీస్సులు.

మూడు ప్రాణాల సంగతి నాగలక్ష్మికి చెప్పాను. “తక్కిన రెండూ యాడ ఇస్తాండారో అడుగవ్వా, నేను తెల్లారేకే పోయి వరసలో నిలబడతా” అంది. వాళ్లాయనా మగ్గం మనిషే, దగ్గుతో మంచం దిగడం లేదు. ఆమెకేమని చెప్పమంటారు?

మీరు ఆడమన్నారని ఆడుతున్నాను. గౌరి బడికి పోతూ ఫోను నా చేతికిచ్చి పోతోంది. పొద్దున్నే వాడిని గుంతలో కూర్చోబెడతాను. ఎండెక్కేదాకా నేయిస్తాను. పిలుపు నొక్కితే నవ్వుతూ లేస్తాడు. అదొక్కటే తప్పు, సరిచేయించండి. బతికున్నప్పుడు గొంతు పోయేదాకా అరిస్తే గానీ లేచేవాడు కాదు.

నిన్న మీరు ఫోన్ చేశారు. ఎత్తితే వాడు నాడె చేతపట్టుకుని మధ్యలో నిలిచిపోతాడు. అందుకే ఎత్తలేదు. ఏదైనా ఉంటే ఉత్తరమే రాయండి.

చంపే మాట మాత్రం ఎత్తొద్దు. ఎత్తితే బడి సంగతి ముందే చెప్పాను.

ఇట్లు,
బాలనాగమ్మ

తా.క.: వాడిని అన్నానికి లేపే ధ్యాసలో పడి పొయ్యి మీద అన్నం మాడగొట్టాను. గౌరి వచ్చి చూసి గిన్నె తోమి బోర్లించింది. ఆ పిల్ల ఈ మధ్య ఏదీ అనడం లేదు.

---

హిందూపురం,
జూలై 29.

అవ్వకు నమస్కారాలు.

మీ బాధ నాకు తెలుసు. కానీ ప్రదర్శనవాళ్లు ఖండితంగా చెప్పేశారు. ఓటమి లేని ఆటను తీసుకోరట. శుక్రవారంతో గడువు ముగుస్తుంది. ఆ లోపు ఆట సరికాకపోతే గౌరి పేరు నేనే కొట్టేయాల్సి వస్తుంది. ఆ పని చేయాలని నాకు లేదు.

అందుకే నేనే ఒక ఉపాయం ఆలోచించాను. మగ్గం గుంతలోకి పామును పంపుతాను. చూసుకోకపోతే కరుస్తుంది. గౌరికి ఈ మాట చెబితే, “ఓడిపోయేది ఉండాది సార్. మీకు నేసేది రాదు, అందుకే అగపడలే” అంది. నేను వెక్కిరింపనుకుని కసిరాను.

దీంతోపాటు అనుమతి కాగితం పంపుతున్నాను. దయచేసి సంతకం చేసి, పాముకు ఒప్పుకోండి.

ఇట్లు,
చంద్రమోహన్

తా.క.: పాము మరీ కష్టమనిపిస్తే తేలు పెడతాను. తేలుతో బతికే అవకాశం కొంత ఉంటుంది.

---

ధర్మవరం,
గురువారం.

చంద్రమోహన్ అయ్యోరికి,

పామూ వద్దు, తేలూ వద్దు. గౌరి మిమ్మల్ని వెక్కిరించలేదు. ఓడిపోయేది ఆటలో ఉంది.

నిన్న మధ్యాహ్నం కొంగు దాకా నేశాను. చీర చివర్లో కొంగు పడేటప్పుడు మగ్గం మనిషిని పలకరించకపోవడం మా ఇంటి పట్టింపు. పువ్వుల లెక్క తప్పితే చీర చెడుతుంది. నాడె చప్పుడు ఆగినా, లెక్క చూసుకుంటున్నాడులే అని అందరం గమ్మునుంటాం. ఆటలోనూ అలాగే ఉన్నాను. చప్పుడు ఆగింది. పిలుపు బొత్తాం మీదికి వేలు పోనివ్వలేదు.

అప్పుడు గడప దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. చేతిలో అన్నం గిన్నె. నాయన వీపు చూసింది, చప్పుడు లేదని చూసింది, కాసేపు నిలబడి వెనక్కి తిరిగిపోయింది. వాడి తల మెల్లగా మగ్గం మీదికి వాలిపోయింది. ‘నియమం తప్పలేదు. మనిషి పోయాడు’ అని అక్షరాలు పడ్డాయి.

సుంకప్ప పోయిన ఆ పొద్దు గౌరి అన్నం పట్టుకుని పోయిందని నాకు తెలియదు అయ్యోరూ. అది చెప్పలేదు. పిలిచి ఉంటే నాయన లేచేవాడని లోపల పెట్టుకుని, ఇన్ని నెలలూ నా పక్కలోనే పడుకుంది. మీకు బొమ్మగా చేసి చూపించింది. మీకు నేత రాదు, నాకు కొంగు దాకా రావడానికి ఇంతకాలం పట్టింది.

‘మళ్లీ మొదలు’ నొక్కాను. మళ్లీ కొంగు దాకా వచ్చాను. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఎన్నడూ దాటని పట్టింపు. ఆ పిల్ల గడప దగ్గరికి రాగానే పిలుపు నొక్కాను. “సుంకప్పా, అన్నానికి లేయప్పా!” అని నోటితో కూడా అరిచాను. ఏమైందోనని నాగలక్ష్మి పరిగెత్తుకొచ్చింది. పోగులు తెగి కొంగంతా చెడిపోయింది. వాడు లేచి పిల్ల చేతిలో గిన్నె అందుకున్నాడు. స్కోరు సున్నా.

సాయంత్రం గౌరి వచ్చాక దగ్గర కూర్చోబెట్టుకున్నాను. “పాపా, ఆ పొద్దు తెల్లారేకే నేనిచ్చిన కాఫీ కూడా తాగకుండా గ్లాసులో అట్లే ఉండె. నువ్వు అన్నం తెచ్చే పొద్దుకు మీ నాయన ఎప్పుడో పోయినాడు. నువ్వు పిలిచినా పలికేటోడు కాదు” అన్నాను. “నిజమేనా అవ్వా?” అంది. నిజమే అన్నాను. అప్పుడు ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

అనుమతి కాగితం మీద సంతకం చేసి, గడువు దాటకుండా నాగలక్ష్మి చేతికిచ్చి బడికి పంపుతున్నాను. గౌరిని మగ్గం మీద కూర్చోబెట్టను. పెనుకొండకు నేనూ వస్తాను. ఆ జడ్జీలకు నేత రాదు కదా, పక్కన కూర్చుని కొంగు దాకా నేయిస్తాను. చీర చెడితేనే గెలిచినట్టని మాత్రం వాళ్లకు ముందుగా చెప్పకండి.

ఇట్లు,
గౌరి అవ్వ
బాలనాగమ్మ

తా.క.: ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేయండి, పిల్ల కంట పడనివ్వకండి. ఆ పొద్దు కాఫీ గ్లాసు ఖాళీగానే ఉండింది. నేనే కడిగాను.